ఒకే విమానానికి రెండు పేర్లు, రెండు రేట్లు: ఇది కుమ్మక్కేనా?

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లోనే అప్పడాలు, పచ్చళ్ళు చేయించి అమ్ముతుంటాం. మా అబ్బాయి దోహాలో ఉద్యోగం చేస్తున్నాడు. దసరా తర్వాత నేను, మా వారు ఒక నెల రోజులు వాడి దగ్గర ఉండి రావాలనుకుంటున్నాం. టికెట్లు చూస్తుంటే భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ మీదుగా దోహాకి ఒకే టైముకి బయల్దేరి ఒకే టైముకి దిగే ప్రయాణం రెండు కంపెనీల పేర్లతో, రెండు వేర్వేరు నంబర్లతో కనిపించింది. రేటులో మనిషికి 5 వేల దాకా తేడా. ఇదేంటని టికెట్లు చేసే కుర్రాణ్ణి అడిగితే "రెండూ ఒకటే విమానం ఆంటీ, కోడ్‌షేర్ అంటారు" అన్నాడు. మా మరిది మాత్రం "కంపెనీలన్నీ కుమ్మక్కయ్యాయి వదినా, పోటీ అన్నదే లేకుండా చేసి మనల్ని దోచుకుంటున్నాయి" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఏ టికెట్ కొనాలి? సామాను ఎవరి లెక్క ప్రకారం తీసుకెళ్ళాలి?
ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

సమాధానం:

అమ్మా, మీరు రాసిన కంపెనీల పేర్లు ఇక్కడ తీసేశాను. మీ ప్రశ్న ఆ రెండు కంపెనీలకే కాదు, గల్ఫ్‌కి వెళ్ళే ఎవరికైనా వచ్చేదే.

టికెట్లు చేసే కుర్రాడు చెప్పింది పూర్తిగా నిజం. మీ మరిది గారు చెప్పింది సగం నిజం. ఆ సగం కూడా మీ ప్రయాణంలో ఒక ముక్కకే వర్తిస్తుంది. ఏ ముక్కకి, ఎందుకు అన్నది చెబుతాను. అది తేలితే ఏ టికెట్ కొనాలో కూడా తేలిపోతుంది.

బరంపురం బస్టాండు దగ్గర ట్రావెల్స్ ఆఫీసులు చూసే ఉంటారు. రాత్రి హైదరాబాద్ వెళ్ళే బస్సు ఒక్కటే, కానీ దానికి టికెట్లు ఇద్దరు ముగ్గురు అమ్ముతారు. ఎవరి రసీదు పుస్తకం వాళ్ళది, ఎవరి కమీషన్ వాళ్ళది, ఎక్కేటప్పుడు బస్సు మాత్రం ఒకటే. కోడ్‌షేర్ కూడా మొదటి మెట్టులో అంతే. విమానం నడిపే కంపెనీ ఒకటి, దాని సీట్లకి తన నంబరు తగిలించి అమ్మే కంపెనీ ఇంకొకటి. తెర మీద చిన్న అక్షరాల్లో "ఆపరేటెడ్ బై" అని ఒక లైను ఉంటుంది. మీరు ఎక్కేది ఆ లైనులో పేరున్న కంపెనీ విమానం. పైలట్లు, సిబ్బంది, సీట్లు, భోజనం అన్నీ వాళ్ళవే. పెద్ద అక్షరాల్లో పేరున్న కంపెనీ మీకు టికెట్ అమ్మింది.

మరి ఒకే సీటుకి రెండు రేట్లెందుకు? విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా, అమ్మకంలో ఒకటి కావు. ప్రతి కంపెనీ ఆ సీట్లను లోపల పది పదిహేను రకాల ధరల తరగతులుగా విడగొట్టుకుంటుంది. ఒక్కో తరగతికి ఒక ఇంగ్లీషు అక్షరం. చవక తరగతి అయిపోతే తర్వాతి తరగతి తెరుచుకుంటుంది. కోడ్‌షేర్‌లో నడిపే కంపెనీ అక్షరాలని అమ్మే కంపెనీ అక్షరాలతో జత చేసి ఒక పట్టిక రాసుకుంటారు. ఈ జత ఎప్పుడూ సరిగ్గా కుదరదు. నడిపే కంపెనీ దగ్గర చవక తరగతి ఇంకా తెరిచే ఉన్నా, అమ్మే కంపెనీ పట్టికలో దానికి జోడీ లేకపోవచ్చు, లేదా ఆ జోడీ అప్పటికే మూసి ఉండొచ్చు. మీకు కనిపించిన 5 వేల తేడా చాలావరకు ఇక్కడ పుట్టిందే అయి ఉంటుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. కొన్ని ఒప్పందాల్లో అమ్మే కంపెనీ ప్రతి విమానంలో కొన్ని సీట్లను ముందే టోకున కొనేస్తుంది. దీన్ని బ్లాక్ స్పేస్ అంటారు. కొన్న సీట్లు మిగిలిపోతే నష్టం దానిదే కాబట్టి చివర్లో రేటు తగ్గించి అయినా అమ్ముకోవాలని చూస్తుంది. అప్పుడు ఒకే విమానంలో నిజంగానే ఇద్దరు అమ్మకందార్లు పోటీ పడతారు. రెండోది ఫ్రీ సేల్. ఇందులో అమ్మే కంపెనీ ముందు ఏమీ కొనదు. ఖాళీ ఉన్నంతవరకు అమ్ముతుంది, మిగిలితే దానికి పోయేదేమీ లేదు. కాబట్టి రేటు తగ్గించాలన్న తొందరా ఉండదు. పోటీ గురించి ఆలోచించేవాళ్ళు బ్లాక్ స్పేస్‌ని కాస్త నమ్మకంగా, ఫ్రీ సేల్‌ని కాస్త అనుమానంగా చూడటానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ మరిది గారి మాటకి వద్దాం. మీ ప్రయాణంలో రెండు ముక్కలున్నాయి: భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ ఒకటి, హైదరాబాద్ నుంచి దోహా ఇంకొకటి.

మీరు రాసిన రెండింటిలో ఒకటి మన దేశపు కంపెనీ, ఇంకొకటి గల్ఫ్ కంపెనీ. మొదటి ముక్కలో ఆ గల్ఫ్ కంపెనీ సొంత విమానం లేదు, విదేశీ కంపెనీకి మన దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణికుల్ని తిప్పే హక్కూ లేదు. అక్కడ ఆ రెండు కంపెనీల మధ్య ఎప్పుడూ పోటీ లేదు, ఇప్పుడు పోయిందీ లేదు. పైగా ఇలా చివరలు కలిపే కోడ్‌షేర్ వల్ల రేటు తగ్గే అవకాశమే ఎక్కువ. రెండు కంపెనీలు విడివిడిగా అమ్మితే ఎవరి లాభం వాళ్ళు వేసుకుంటారు. తన రేటు ఎక్కువైతే పక్కవాడి బేరం కూడా పోతుందన్న చింత ఎవరికీ ఉండదు. కలిపి అమ్మితే మొత్తం రేటు చూసుకుని వేస్తారు. 2000లో బ్రూక్నర్, వేలెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అంతర్జాతీయ టికెట్ల లెక్కలు తీసి, పొత్తులో ఉన్న కంపెనీల మీదుగా మారి వెళ్ళే ప్రయాణికులకి, పొత్తు లేని కంపెనీల మీదుగా వెళ్ళేవాళ్ళ కన్నా ఛార్జీ సుమారు 25 శాతం తక్కువ పడుతోందని తేల్చారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ లాంటి ఊళ్ళవాళ్ళకి ఈ సంగతి ముఖ్యం. మనం ఎప్పుడూ మారి వెళ్ళేవాళ్ళమే. నేరుగా ఎక్కి నేరుగా దిగే భాగ్యం ఢిల్లీ, ముంబై వాళ్ళది.

చిక్కంతా రెండో ముక్కలో ఉంది. హైదరాబాద్–దోహా మార్గంలో మన కంపెనీ సొంత విమానాలు నడుపుతోంది, గల్ఫ్ కంపెనీ కూడా నడుపుతోంది. ఇక్కడ ఇద్దరూ ఒకే ప్రయాణికుడి కోసం పోటీ పడాల్సినవాళ్ళు. అలాంటిది ఒకరి విమానం మీద ఇంకొకరు నంబరు వేసుకుని అమ్ముకుంటున్నప్పుడు, పక్కవాడి విమానం ఖాళీగా ఎగిరితే బాగుండునన్న కసి తగ్గుతుంది. ఆ కసే మనకి చవక టికెట్ తెచ్చిపెట్టేది. మీ మరిది గారి సగం నిజం ఇదే.

ఖతార్ ఎయిర్‌వేస్, ఇండిగో ఈ మార్గాల మీదే 2019 చివర్లో కోడ్‌షేర్ మొదలుపెట్టాయి. దోహా నుంచి ఢిల్లీ, ముంబై, హైదరాబాద్‌లకి ఇండిగో నడిపే విమానాల మీద ఖతార్ నంబరు వేయడంతో అది మొదలైంది. అయితే కసి తగ్గింది కాబట్టి రేటు పెరిగి తీరుతుందని వెంటనే అనుకోవడానికీ లేదు. గల్ఫ్ దేశాలతో మన దేశానికి ఉన్న ఒప్పందాల్లో, ఒక్కో వైపు కంపెనీలు వారానికి ఇన్ని సీట్లు మాత్రమే నడపాలన్న పరిమితి ఉంటుంది. దాన్ని పెంచమని గల్ఫ్ కంపెనీలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. ఆ కోటా నిండిపోయిన కంపెనీ కొత్త విమానం వేయాలన్నా వేయలేదు. పక్క కంపెనీ సీట్ల మీద తన నంబరు వేసుకోవడం దానికి మిగిలే దారి. అలాంటి చోట కోడ్‌షేర్ పోటీని చంపిందనే ముందు, ఆ పోటీ పెరగకుండా ఆపుతున్నది కోటాయేనన్న సంగతి కూడా చూడాలి. నా లెక్కలో గల్ఫ్ రేట్లకి మొదటి ముద్దాయి ఆ కోటా. కోడ్‌షేర్‌ది దాని తర్వాతి స్థానం.

మరి కోడ్‌షేర్ ఎప్పుడు నిజంగా చెడుతుంది? దీనికి అమెరికాలో కోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, జెట్‌బ్లూ 2020లో పొత్తు ప్రకటించాయి. న్యూయార్క్, బోస్టన్ విమానాశ్రయాల్లో ఒకరి విమానాల మీద ఒకరు నంబర్లు వేసుకోవడం వరకే అయితే గొడవ ఉండేది కాదేమో. వాళ్ళు ఏ మార్గంలో ఎవరు ఎన్ని విమానాలు నడపాలో కలిసి కూర్చుని నిర్ణయించుకున్నారు, వచ్చిన ఆదాయం పంచుకున్నారు. జెట్‌బ్లూ అంటే అప్పటిదాకా పెద్ద కంపెనీల రేట్లు దించే చవక కంపెనీగా పేరున్నది. అది పెద్ద కంపెనీ సరసన చేరి కూర్చుంటే ఇక దించేదెవరు? 2021 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కేసు వేశాయి. 2023 మేలో బోస్టన్‌లోని ఫెడరల్ కోర్టు పొత్తు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. 2024 నవంబరులో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. అదే అమెరికన్ కంపెనీకి అలాస్కా ఎయిర్‌లైన్స్‌తో ఉన్న పొత్తు మాత్రం కొనసాగుతోంది. నంబర్లు పంచుకోవడం, డబ్బులు పంచుకోవడం రెండూ ఒకటి కావు. ఈ కేసు నుంచి నేను తీసుకునేది ఆ తేడానే.

ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకో రకంగా చేశారు. క్వాంటాస్, ఎమిరేట్స్ కలిసి నడవడానికి అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2013లో ఐదేళ్ళకి అనుమతి ఇచ్చింది. ఐరోపా వైపు వెళ్ళేవాళ్ళకి మంచిదేనని ఒప్పుకుంది. కానీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మధ్య ఆ రెండు కంపెనీలూ విమానాలు నడుపుతున్నాయి కాబట్టి, అక్కడి నాలుగు మార్గాల్లో సీట్లు తగ్గించకూడదని షరతు పెట్టింది. నాకు ఇది నచ్చిన తీర్పు. పొత్తు మొత్తాన్ని కొట్టేయలేదు, మొత్తంగా వదిలేయనూ లేదు. ఇద్దరూ ఢీకొనే మార్గాలేవో వెతికి అక్కడ మాత్రం కాపలా పెట్టింది. రేటు మీద కాకుండా సీట్ల మీద కాపలా పెట్టడం కూడా తెలివైన పనే. పొత్తులో ఉన్న కంపెనీలు రేటు పెంచే అసలు దారి సీట్లు తగ్గించడం. సీట్లు అలాగే ఉంటే ఖాళీగా ఎగరలేక రేటు దించక తప్పదు.

మన దగ్గర ఏముందంటారా? 2002 పోటీ చట్టం ఉంది. అందులో 3వ సెక్షన్ ప్రకారం పోటీదార్లు కలిసి రేట్లు నిర్ణయించుకున్నా, సరఫరా తగ్గించుకున్నా, మార్కెట్ పంచుకున్నా అది తప్పేనని మొదటే అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళే. అయితే సామర్థ్యం పెంచే ఉమ్మడి వ్యాపారాలకి అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. కోడ్‌షేర్ చేసుకున్న కంపెనీలు తమని సమర్థించుకునేది ఆ మినహాయింపుతోనే. చట్టాన్ని అమలు చేసేది ఢిల్లీలోని కాంపిటిషన్ కమిషన్, అందరూ సీసీఐ అంటారు.

2013లో అబుధాబికి చెందిన ఎతిహాద్ మన జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా కొంటున్నప్పుడు ఈ ప్రశ్న సీసీఐ ముందుకి వచ్చింది. ఇద్దరి విమానాలు కలిపి అమ్ముకోవడం, అబుధాబి మీదుగా ప్రయాణికుల్ని మళ్ళించడం ఆ బేరంలో భాగం. అదే ఏడాది భారత్–అబుధాబి వారపు సీట్ల కోటా 13 వేల చిల్లర నుంచి విడతలుగా 50 వేలకి పెంచారు. సీసీఐలో ఎక్కువమంది సభ్యులు సరే అన్నారు, ఒక సభ్యుడు విభేదించి విడిగా ఆదేశం రాశారు. తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఆగిపోయింది. జెట్ పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, కోడ్‌షేర్ వల్ల పోయిందని నేను అనను. కానీ పొత్తు రాసుకున్నప్పుడు లెక్కలో ఉన్న కంపెనీ ఆరేళ్ళకి లేకుండా పోతే, మిగిలినవాళ్ళ బలం ఎంత మారుతుందో ముందే ఊహించి ఒప్పందం తూచడం ఎవరికైనా కష్టమే.

కుమ్మక్కు అన్న మాట కూడా తొందరపడి వాడకూడదు. సరుకు రవాణాలో ఇంధన సర్‌ఛార్జి ఒకరితో ఒకరు కలిసి పెంచారని సీసీఐ 2018లో మూడు విమాన కంపెనీలకి జరిమానా వేసింది. ప్రయాణికుల టికెట్ల మీద అలాంటి ఫిర్యాదే వస్తే ఆధారాలు దొరకలేదని 2021లో ఆ కేసు మూసేసింది. పండగ ముందు రోజు అందరి రేట్లూ ఒకేసారి పెరిగితే మనకి కుమ్మక్కులాగే కనిపిస్తుంది. కానీ ఒకరి తెర ఒకరు చూసి పెంచుకున్నా అలాగే పెరుగుతాయి. దానికి గదిలో కూర్చుని మాట్లాడుకోనక్కర్లేదు.

మన దేశంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే ఉంది. దేశంలో తిరిగే విమాన ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒక్క ఇండిగోనే తీసుకెళ్తోంది. మిగిలినదాంట్లో పెద్ద వాటా టాటాల ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లది. 2024 నవంబరు 12న విస్తారా కూడా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వరసపెట్టి రద్దయినప్పుడు మిగతా కంపెనీల రేట్లు ఎక్కడికి పోయాయో చూశాం. చివరికి ప్రభుత్వమే ఛార్జీలకి పరిమితి పెట్టాల్సొచ్చింది. చిన్న విమానాశ్రయం నుంచి ప్రయాణికుల్ని తెచ్చి పెద్ద విమానంలోకి ఎక్కించేది ఇంచుమించు ఇద్దరే అయినప్పుడు, బయటి దేశం నుంచి వచ్చే కొత్త కంపెనీకి తోడు దొరకాలంటే వీళ్ళ గుమ్మమే తొక్కాలి. తోడు దొరక్కపోతే హైదరాబాద్ దాకా వస్తుంది, భువనేశ్వర్ ప్రయాణికుడు దానికి అందడు. కోడ్‌షేర్ వల్ల పోటీకి జరిగే నష్టం మన ప్రాంతంలో ఇలాగే ఉంటుందని నా అభిప్రాయం. ఉన్న ఇద్దరూ చేయి కలిపినందువల్ల జరిగే నష్టం కన్నా, మూడోవాడికి కలపడానికి చేయి దొరకనందువల్ల జరిగే నష్టం ఎక్కువ.

ఇంకొకటి, తెర నిండిపోవడం. ఒకే విమానం రెండు మూడు పేర్లతో వరసగా కనిపిస్తే మనకి చాలా విమానాలున్నట్టు అనిపిస్తుంది. నిజానికి మారి వెళ్ళే ఒక చిన్న కంపెనీ విమానం ఆ వరస కింద ఎక్కడో రెండో పేజీలో ఉంటుంది. ఎవరూ అంత కిందకి వెళ్ళరు. బయల్దేరే టైము, దిగే టైము ఒకేలా ఉన్నవాటిని ఒకటిగా లెక్కపెట్టుకోండి. పది వరసలు కాస్తా నాలుగవుతాయి. మీ ముందున్న అసలు ఎంపిక ఆ నాలుగే.

ఇక బరంపురం వాళ్ళకి మాత్రమే ఉన్న ఒక సౌకర్యం చెప్పాలి. మీకు రెండు విమానాశ్రయాలున్నాయి. భువనేశ్వర్ రైల్లో సుమారు 165 కిలోమీటర్లు, విశాఖపట్నం సుమారు 280. రెండూ ఒకే మెయిన్ లైను మీద ఉన్నాయి. 2024 మార్చి నుంచి భువనేశ్వర్–విశాఖ వందే భారత్ కూడా బరంపురంలో ఆగుతోంది. భువనేశ్వర్ దగ్గర కదా అని చాలామంది విశాఖ రేటు చూడనే చూడరు. రెండు చోట్లా చూడండి. ఒక రోజు అటు చవక, ఒక రోజు ఇటు చవక. ఏ రెండు కంపెనీలు చేయి కలిపినా ఈ రెండు ఊళ్ళ మధ్య పోటీని చెరిపెయ్యలేవు. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వాళ్ళకైతే ఎలాగూ విశాఖే దగ్గర. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు ఎగిరితే ఇంకాస్త దగ్గరవుతుంది.

నేరు విమానం ఏదైనా ఉంటే దాని రేటు కూడా ఒకసారి చూడండి. ఎందుకంటే కోడ్‌షేర్ టికెట్ రేటుని అదుపులో పెట్టేది ఎక్కువగా అదే. 2023లో భువనేశ్వర్ నుంచి దుబాయికి నేరుగా విమానం మొదలైనప్పుడు, నష్టం వస్తే కొంత పూడుస్తానని ఒడిశా ప్రభుత్వం ముందుకొచ్చింది. జనం పన్ను డబ్బుతో విమానానికి సాయమేమిటని అప్పట్లో కొందరు విసుక్కున్నారు. కానీ నేరు విమానం ఒకటి ఎగురుతుంటే దాన్ని చూసి మారి వెళ్ళే టికెట్ల రేట్లు కూడా వెనక్కి తగ్గుతాయి. ఎక్కనివాళ్ళకి కూడా దానివల్ల లాభమే.

సరే, మీ టికెట్ సంగతి. రెండు రేట్లలో ఏది తక్కువైతే అది కొనండి, ఎక్కే విమానం ఒకటే. కానీ కొనే ముందు మూడు విషయాలు కళ్ళారా చూసుకోండి.

భువనేశ్వర్ నుంచి దోహా దాకా మొత్తం ఒకే పీఎన్ఆర్‌లో ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్ళది. సామాను కూడా భువనేశ్వర్‌లో ఇచ్చేస్తే దోహాలోనే తీసుకోవచ్చు. రెండు టికెట్లు విడివిడిగా కొంటే వెయ్యో రెండు వేలో మిగలొచ్చు, కానీ హైదరాబాద్‌లో విమానం తప్పితే కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి. జయపురం నుంచి తొమ్మిది సీట్ల చిన్న విమానంలో విశాఖ వచ్చి అక్కడ పెద్ద విమానం ఎక్కుదామనుకునే కొరాపుట్ వాళ్ళకి కూడా ఇదే చెబుతుంటాను. ఆ రెండు టికెట్లూ విడివిడి అయితే మధ్యలో ఒక పూట ఖాళీ పెట్టుకోండి, లేకపోతే టెన్షన్.

రెండోది సామాను. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా మనిషికి 15 కిలోలే. గల్ఫ్ టికెట్ల మీద అంతకన్నా బాగా ఎక్కువ ఇస్తారు. ఒకే టికెట్ మీద విదేశానికి వెళ్తుంటే సాధారణంగా మొత్తం ప్రయాణానికి ఒకే లెక్క వర్తిస్తుంది. అది టికెట్ మీద ప్రతి ముక్క పక్కనా అచ్చయి ఉంటుంది. మీకు కనిపించిన రెండు రేట్లలో ఒకదానికి 25 కిలోలు, ఇంకోదానికి 30 కిలోలు రాసి ఉన్నా ఆశ్చర్యం లేదు. అప్పడాలు తేలికే గానీ పచ్చడి సీసాలు బరువు. ఇద్దరికీ కలిపి 10 కిలోలు తేడా వస్తే, కౌంటర్ దగ్గర కట్టే ఎక్స్‌ట్రా బ్యాగేజీ డబ్బుతో రేటులో మిగిలిన లాభం కరిగిపోవచ్చు. టికెట్ కాగితం మీద ఉన్న అంకెనే నమ్మండి. ఫోన్లో ఎవరో చెప్పినది కౌంటర్ దగ్గర చెల్లదు. ఆ కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి.

మూడోది, రెండు నంబర్లు. అమ్మిన కంపెనీ ఇచ్చే పీఎన్ఆర్ ఒకటి, నడిపే కంపెనీ దగ్గర ఇంకోటి ఉంటాయి. సీటు ఎంచుకోవాలన్నా, వెబ్ చెక్-ఇన్ చేయాలన్నా చాలాసార్లు రెండోది కావాలి. టికెట్ చేసే కుర్రాణ్ణి ఆ నంబరు కూడా రాసిమ్మని అడగండి. విమానాశ్రయంలో కూడా నడిపే కంపెనీ కౌంటర్‌కే వెళ్ళాలి. అమ్మిన కంపెనీ బోర్డు చూసి ఆ లైన్లో నిలబడి, చివరిదాకా వెళ్ళాక "ఇక్కడ కాదండీ" అనిపించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. హైదరాబాద్‌లో టెర్మినల్ ఒకటే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఢిల్లీ మీదుగా టికెట్ దొరికితే మాత్రం ఏ టెర్మినల్లో దిగి ఏ టెర్మినల్లో ఎక్కాలో ముందే కనుక్కోండి.

ఏదైనా తేడా వస్తే "మా విమానం కాదు, వాళ్ళని అడగండి" అని ఒకరు, "మేం టికెట్ అమ్మలేదు, వాళ్ళని అడగండి" అని ఇంకొకరు తిప్పుతారు. దానికి లొంగకండి. 2009 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో టికెట్ అమ్మినవాడూ, నడిపినవాడూ ఇద్దరూ బాధ్యులే. ఎవరికి ఫిర్యాదు ఇచ్చినా ఇద్దరికీ ఇచ్చినట్టే లెక్క. అందిన సామాను పాడై ఉంటే 7 రోజుల్లోపు, ఆలస్యంగా అందితే అందిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే లాభం లేదు. పౌర విమానయాన శాఖ వాళ్ళ ఎయిర్‌సేవ పోర్టల్లో కూడా పెట్టొచ్చు. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడుందో ఆ ఊరికి తిరగక్కర్లేదు. మీరు ఉండే చోటే, అంటే గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. బోర్డింగ్ పాసులు, బ్యాగుకి వేసిన ట్యాగు ముక్క ఇంటికి తిరిగొచ్చేదాకా పారేయకండి.